దేవుని పేరు ఏ గడిలో ఉన్నది?

మీ గ్రామాలయంలో నిత్యదీపం వెలుగుతున్నదంటే, అందులో నూనె పోసే చేయి ఒకటి, ఆ నూనెకు ఆధారమైన భూమి ఒకటి ఉంటాయి. ఆ భూమికి ఆధారమేమిటని అడిగితే మాత్రం మనలో చాలామంది "తాతల నాటి నుండి ఉన్నదే కదా" అని ఊరుకుంటారు. న్యాయస్థానంలో ఆ మాట చాలదు. ఏదో ఒక పుస్తకంలో, ఒక పుటలో, ఒక గడిలో వ్రాసిన పేరే అక్కడ ఆధారం. ఆ పుటలు ఇప్పుడు కాగితం నుండి కంప్యూటరులోకి చేరుతున్నవి. అలా చేరేటప్పుడు భగవంతుని పేరు ఆ గడిలో నిలిచినదా, జారినదా అన్నదే ఈనాటి ప్రస్తావన.

పూర్వం దాతలు తమ దానాన్ని శిలపై చెక్కించేవారు. ద్రాక్షారామంలో, శ్రీకూర్మంలో, సింహాచలంలో స్తంభాలను, గోడలను పరికించండి. అఖండదీపానికి ఇన్ని పశువులని, నైవేద్యానికి ఇంత భూమి అని శాసనాలు నేటికీ పలుకుతున్నవి. ఆంగ్లేయుల కాలంలో, మద్రాసు రాజధానిలో 1858లో ఇనాం కమిషన్ ఏర్పడి గ్రామగ్రామాన మాన్యాలను విచారించినది. ఇచ్చినదెవరు, ఎవరికి, ఏ కైంకర్యానికి, విస్తీర్ణమెంత, ఎంతకాలం చెల్లుతుంది అని గళ్లు గీసి వ్రాసిన పుస్తకమే ఇనాం ఫెయిర్ రిజిస్టరు. కోస్తా, రాయలసీమ జిల్లాలలో ఆలయ భూములపై వివాదం వస్తే నేటికీ ముందుగా వెదికేది దానినే. నిజాం ఏలుబడిలో ఉన్న తెలంగాణలో దారి వేరు. అక్కడ ముంతఖబ్ పత్రాలను, సేత్వారును, 1954-55 నాటి ఖాస్రా పహాణీని చూస్తారు.

ఇక కంప్యూటరు కథ. ఉమ్మడి రాష్ట్రంలో 1998లో 'కార్డ్' అనే పేరుతో రిజిస్ట్రేషను కార్యాలయాలలోకి కంప్యూటర్లు ప్రవేశించినవి. తరువాత అడంగళ్లు, పహాణీలు కూడా ఆ దారినే పట్టినవి. ఆంధ్రప్రదేశ్‌లో వెబ్‌ల్యాండ్ వచ్చినది. తెలంగాణలో 2020లో ధరణి, దాని స్థానంలో 2025లో భూభారతి వచ్చినవి. ఇక్కడ పాఠకులు ఒక భేదాన్ని గమనించాలి. పాత పుటను ఉన్నదున్నట్లు ఛాయాచిత్రంగా తీసి దాచడం ఒక పని. అందులోని అక్షరాలను చదివి, మళ్లీ టైపు చేసి గళ్లలో నింపడం వేరొక పని. మొదటిది బింబానికి ప్రతిబింబం వంటిది. రెండవది మరొకరు చెప్పిన అర్థం. మనం మీసేవలో పొందే అడంగలు ఈ రెండవ తరగతికి చెందినది.

ఈ భేదం నాకు పుస్తకాలు చదివి తెలిసినది కాదు. మా ఆలయానికి 3 ఎకరాల 12 సెంట్ల మాగాణి ఉన్నది. మా తాతగారు, తండ్రిగారు స్వామి సేవ చేస్తూ దానిని సాగు చేయించి, వచ్చిన ధాన్యంతో నైవేద్యం జరిపించేవారు. చేతివ్రాత అడంగలులో అనుభవదారు గడిలో మా తండ్రిగారి పేరు ఉండేది. కంప్యూటరులోకి ఎక్కించిన ఏ చేయి చేసిన పొరపాటో కాని, ఆయన పేరు పట్టాదారు గడిలోకి వచ్చి కూర్చున్నది. వేణుగోపాలస్వామి పేరు ఎక్కడా లేదు! కొంతకాలానికి పట్నం నుండి ఒక పెద్దమనిషి వచ్చి, "పంతులుగారూ, రికార్డు మీ నాన్నగారి పేరనే ఉన్నది. పాసుపుస్తకం తేలికగా వస్తుంది, మంచి ధర ఇప్పిస్తాను" అన్నాడు. అప్పటికి మా రెండవ అమ్మాయి వివాహం జరగవలసి ఉన్నది. ఆ రాత్రి నిద్ర పట్టలేదని ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

మరునాడు నకలు కోసం అర్జీ పెట్టాను. ఆ కార్యాలయం పేరు ఇక్కడ అప్రస్తుతం. ఫెయిర్ రిజిస్టరు బయటకు తీస్తే, మా గ్రామపు పుట ముట్టుకుంటే అప్పడంలా విరుగుతున్నది. పేర్లు వ్రాసిన అంచును చెదలు తినివేసినవి. కొన్నేళ్ల క్రితం, పుట నిండుగా ఉన్నప్పుడే స్కాన్ చేయించారని ఒక వృద్ధ గుమాస్తా చెప్పాడు. కాని ఆ చిత్రం మా గ్రామం కింద లేదు. అదే పేరుగల వేరొక గ్రామం కింద చేర్చారు. అది దొరకడానికి ఏడు నెలలు పట్టినది. దొరికినప్పుడు చూస్తే హక్కుదారు గడిలో స్వామివారి పేరు, పక్కన పూజ జరుగుతున్నంత కాలం అన్న షరతు, కింద అధికారి సంతకం స్పష్టంగా కనిపించినవి. అర్చకునికి భృతిగా ఇచ్చిన మాన్యాలు వేరు, దేవునికే ఇచ్చినవి వేరు. ఆ భేదం నిర్ణయించేది ఆ గడియే.

దాచడం ఒక్కటే చాలదని, దాచినదానికి గురుతు ఉండాలని మన ఋషులకు బాగా తెలుసు. కాత్యాయనుడు ఋగ్వేదానికి సర్వానుక్రమణి కూర్చి, ప్రతి సూక్తానికీ మొదటి పదం, ఋక్కుల సంఖ్య, ఋషి, దేవత, ఛందస్సు చెప్పాడు. ఏ జిల్లా, ఏ తాలూకా, ఏ గ్రామం, ఏ సంవత్సరం, ఎన్నవ పుట అన్న వివరం లేని స్కాను, అనుక్రమణి లేని సూక్తం వంటిది. ఇక మా తైత్తిరీయ సంహితలో యాభై పదాలకొక పనస. అనువాకం ముగిశాక పనసలు విరిగే చోటుల పదాలను, చివర మిగిలిన పదాల సంఖ్యను కూడా వల్లింపజేస్తారు. ఒక్క పదం జారితే లెక్క తప్పి విద్యార్థి దొరికిపోతాడు. ఘనపాఠంలోనైతే ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, ఒకటి రెండు మూడు అని పదాలను ముందుకూ వెనుకకూ త్రిప్పి చెబుతాము. ఇంత కాపలా ఎందుకయ్యా అని చిన్నతనంలో మా గురువుగారిని అడిగి మొట్టికాయ తిన్నాను.

ఇటువంటి కాపలాను నేటి చట్టం కూడా కోరుతున్నది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 7వ సెక్షను ప్రకారం, ఎలక్ట్రానిక్ రూపంలో దాచిన రికార్డు తరువాత చూడడానికి అందుబాటులో ఉండాలి, మొదటి సమాచారాన్ని యథాతథంగా చూపాలి. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం, అటువంటి రికార్డును సాక్ష్యంగా పెట్టేటప్పుడు 'హ్యాష్' అనే గణిత ముద్రను ధ్రువపత్రంలో చూపమంటున్నది. దస్తావేజులో ఒక్క అక్షరం మారినా ఆ ముద్ర మారిపోతుంది. ఇది మన పనస లెక్కకు దగ్గర చుట్టమే. అయితే మొదటే తప్పుగా ఎక్కించినదానికి ముద్ర వేస్తే తప్పే భద్రంగా ఉంటుంది. తప్పు నేర్చిన శిష్యుడు ఆ తప్పును కూడా నిష్ఠగానే వల్లిస్తాడు కదా! కనుక మూలపుటతో సరిచూడనిదే గళ్లు నింపరాదు. స్కాన్ అయినదని మూలపుస్తకాన్ని మూలన పడవేయరాదు.

నావంటి అర్చకులకు రుచించకపోయినా ఒక తీర్పును చెప్పక తప్పదు. మధ్యప్రదేశ్ అర్చకుల వ్యాజ్యంలో 2021 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, ఆలయ భూమికి దేవుడే యజమాని, పూజారి ఆస్తిని చూచే సేవకుడు మాత్రమే, యజమాని గడిలో అతని పేరు ఉండనక్కరలేదు అని తేల్చినది. చదివి నొచ్చుకున్న అర్చక మిత్రులున్నారు. మా మడి విషయంలో నాకు ఆ తీర్పు ఊరటనే ఇచ్చినది.

మీరు మీ ఊరి ఆలయ భూముల సర్వే నంబర్లు తెలుసుకొని, అడంగలులో పట్టాదారు గడిని ఒకసారి చూడండి. దేవాదాయ శాఖ వారి 43వ సెక్షను రిజిస్టరుతో పోల్చండి. రిజిస్ట్రేషను చట్టం 22-ఏ సెక్షను కింద నిషేధిత జాబితాలో ఆ నంబర్లు ఉంటే సబ్ రిజిస్ట్రారు విక్రయపత్రాన్ని నమోదు చేయడు. లేకుంటే అర్జీ ఇవ్వండి. ఫెయిర్ రిజిస్టరు ధ్రువీకృత నకలు పొంది, ఒక ప్రతి ఆలయంలో, మరొకటి వేరొక ఇంట ఉంచండి.

స్వామి పేరు తిరిగి ఆ గడిలోకి రావడానికి మాకు రెండేళ్లు పట్టినది. ఇప్పుడు ప్రతి ఉగాది నాడు పంచాంగ శ్రవణం ముగిశాక, కొత్త అడంగలును పాత నకలు పక్కన పెట్టి, గ్రామస్థుల ఎదుట నేనొక గడి, మా మనుమడొక గడి పైకి చదువుతాము. మొన్నటి ఉగాదికి పేరు సరిపోయినది, విస్తీర్ణం సరిపోయినది. ఒక సర్వే నంబరు ఉపవిభాగంలో ఒక అంకె తేడా వచ్చినది. అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్నాను.