ద్రాక్షలో నారికేళపాకము

నోట నిడినంతనే రసమిచ్చునది ద్రాక్షాపాకము. తొక్క నొలిచి తినవలసినది కదళీపాకము. పీచు తీసి, పెంకు పగులగొట్టిన గాని లోపలి తీపి అందనిది నారికేళపాకము. కావ్యరీతులను బోధించునపుడు ఉపాధ్యాయులు చెప్పు ఈ మూడు పోలికలు విద్యార్థుల కెల్లరకును పరిచితములే. అయితే ద్రాక్షలన్నియు ద్రాక్షాపాకములే యగునా? కావని మూసారాంబాగ్‌లో తోపుడుబండిపై కుప్పవోసిన నల్లద్రాక్ష చెప్పును.

మూసీనదికి దక్షిణమున, మలక్‌పేటకును దిల్‌సుఖ్‌నగరునకును నడుమ నున్న ఈ పేట పేరే యొక పరదేశి కథ. ఫ్రాన్సులోని గాస్కనీ సీమలో 1755లో జన్మించిన రేమండ్ నిజాం అలీఖాన్ కొలువున సేనానియై, 1798లో ఇచ్చటనే కన్నుమూసెను. ఆయన పేరు ప్రజల నోట నలిగి, ముస్లిములకు మూసా రహీమ్, హిందువులకు మూసా రామ్ ఆయెను. సమీపమున గుట్టపై ఆయన సమాధి నేటికిని కలదు. నోరు తిరుగని పేరును జనులు తమ నాలుకకు తగినట్లు మలచుకొని, తమదిగా చేసికొనిరి.

ఆయన పుట్టిన గాస్కనీలో టనాట్ అను ఎఱ్ఱ మద్యపు ద్రాక్ష పండును. దానికి వగరు మెండు. ద్రాక్ష తొక్కలోను గింజలోను ఉండు టానిన్లు మన లాలాజలములోని మాంసకృత్తులతో కలియగనే నాలుక ఎండినట్లు బిగిసికొనును. అందుచేతనే పలువురు టనాట్ పేరు వినగనే మొగము ముడుచుకొందురు. అట్టి దానిని 1870 ప్రాంతమున హారియగ్ అను ఫ్రెంచివాడు దక్షిణ అమెరికాలోని ఉరుగ్వేలో నాటెను. అచ్చటి నేలలో, అచ్చటి యెండలో దాని కాఠిన్యము కొంత సడలెను. వలదనుకొన్నవారే రుచి చూచి విస్మయపడిరి. నేడు ఆ దేశమునకు పేరు తెచ్చిన ద్రాక్ష అదియే. జాతి మారలేదు, అది పెరిగిన చోటును, దానిని పండించిన తీరును మారినవి.

మన హైదరాబాదు నాలుకను తీర్చిదిద్దిన ద్రాక్ష వేరు. పంతొమ్మిదవ శతాబ్దపు చివర అబ్దుల్ బాఖర్ ఖాన్ ఇచ్చట నాటించిన అనాబ్-ఎ-షాహీ లేతపసుపు కాయ. పెద్దది, నీరు నిండినది, చప్పరించినంతనే కరగునది. నగరము చుట్టును ఒకప్పుడు దాని పందిళ్లు విస్తారముగ నుండెడివి. 2021 వరకు కొత్తపేటలో సాగిన పండ్ల మార్కెట్టుకు వేసవి తొలిదినములలో ద్రాక్ష గంపలు రాశులుగ వచ్చెడివి. ఆ తీపికి అలవడినవారికి బెంగుళూరు బ్లూ అను నల్లద్రాక్ష ఎట్లు నచ్చును? కాయ చిన్నది, తొక్క మందము. నొక్కినచో గుజ్జు జారి నోట పడును, తొక్క చేతిలో మిగులును. గింజలు పంటి క్రింద చేదెక్కును. దాని వాసన ఘాటు. పాశ్చాత్యులు ఈ కుటుంబపు ద్రాక్షల పరిమళమును నక్కవాసనయని యెగతాళి చేసిరి.

ఇది అమెరికా ద్రాక్షకు చుట్టము. ఇసబెల్లా అను జాతికి చెందినదని చెప్పుదురు. ఆ ఇసబెల్లాను 1934 నాటి ఫ్రెంచి శాసనము నిషిద్ధజాతులలో చేర్చెను. అంతకు పూర్వము, 1860ల నుండి ఫిలాక్సెరా యను పురుగు ఐరోపా తోటల వేళ్లను తినివేయుచుండగా, వానిని కాపాడినవి అమెరికా తీగల వేళ్లే. ఆ వేళ్లపై అంటుకట్టియే ఐరోపా ద్రాక్షలు మరల చిగిర్చినవి. వేరును స్వీకరించిన నేల పండును వెలివేసెను! ఇచ్చట మాత్రము బెంగుళూరు బ్లూకు 2013లో భౌగోళిక గుర్తింపు లభించినది.

దాని రుచి తెలియవలెనన్న పచ్చిగా కొఱికి తీర్పు చెప్పరాదు. కాయలను కడిగి, తొక్కలతోనే కొద్దిగ మరిగించి, చల్లార్చి, గింజలు నలుగకుండ వడగట్టవలెను. తొక్కలో దాగిన రంగంతయు రసములోనికి దిగి, గ్లాసులో చిక్కని ఊదా వన్నె నిలుచును. ఇంచుక పంచదార, చిటికెడు ఉప్పు చేర్చిన చాలును. పులుపు చలువగా మారును. ఘాటని రోసిన పరిమళమే గది నిండును. గ్లాసు త్రోసివేయ నెంచిన చేయి రెండవ గ్లాసునకు చాచుట ఇండ్లలో కానవచ్చు దృశ్యమే. పానకములకును, మురబ్బాలకును, మద్యమునకును ఈ కాయనే కోరుటకు కారణము, తినుటకు అడ్డమైన ఆ రంగును ఆ వాసనయే.

వగరు మనకు క్రొత్త కాదు. షడ్రుచులలో దానికి పీట వేసి, ఉగాదినాడు మామిడిపిందెతో ఆరగించు జాతి మనది. నేరేడుపండ్లు తిని నీలినాలుకలు చాపి నవ్వని బాలుడు లేడు. ఉసిరిక నమలి నీళ్లు త్రాగినపుడు ఆ నీళ్లలో తీపి పుట్టుటయు మన మెరిగినదే. ఆ తీపి నీళ్లది కాదు, ముందుగా ఓర్చుకొన్న వగరుది. నల్లద్రాక్షయు అంతియే నేర్పును. తొలి కాటున ముఖము త్రిప్పుకొన్నవారికి అది పుల్లని కాయ. నిలిచి, పాకము కనుగొన్నవారికి పండు.