ప్రమాదరహిత సేవకు పురస్కారం: శాలువా వెనుకనున్న లెక్క

నగరి: ఏటా జనవరి మాసంలో రహదారి భద్రతా కార్యక్రమాల సందర్భంగా ఆర్టీసీ డిపోల ఆవరణల్లో జరిగే సన్మానాలు పాత్రికేయ మిత్రులకు సుపరిచితమే. దీర్ఘకాలం ప్రమాదమన్నది లేకుండా బస్సు నడిపిన సీనియర్ డ్రైవర్లను వేదికపైకి ఆహ్వానించి, శాలువా కప్పి, ప్రశంసాపత్రం అందజేయడం ఆనవాయితీగా వస్తున్నది. మరునాటి పత్రికల్లో ఒక ఛాయాచిత్రం, నాలుగు వాక్యాల వార్త వెలువడుతుంది. ఆ నాలుగు వాక్యాలలో ఇమడని సంగతులు కొన్ని ఉన్నందున ఈ వివరణ.

జరిగిన ప్రమాదానికి ప్రథమ సమాచార నివేదిక ఉంటుంది, పంచనామా ఉంటుంది, నష్టపరిహారపు దావా ఉంటుంది. జరగని ప్రమాదానికి ఏ కాగితమూ ఉండదు. ఒక డ్రైవరు రోజుకు 200 కిలోమీటర్లు, ఏడాదికి 250 రోజులు నడిపినట్లు తక్కువలో తక్కువగా లెక్కించినను, 30 సంవత్సరాల సర్వీసులో 15 లక్షల కిలోమీటర్లవుతుంది. ఇది చంద్రుని వద్దకు రెండుమార్లు వెళ్లి తిరిగివచ్చినంత దూరం. ఈ ప్రయాణమంతటికీ సాక్ష్యంగా మిగిలేది సర్వీసు రికార్డులో ప్రమాదాల గడి ఖాళీగా ఉండటమే. ఆ ఖాళీ గడిని చదివి గౌరవించే సందర్భమే ఈ సన్మానం.

ఆ ఖాళీ విలువ తెలియాలంటే నగరి మీదుగా పోయే దారిని చూడవలెను. తిరుపతి నుండి పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా చెన్నై చేరే ఈ మార్గం పూర్వం 205వ నంబరు, ప్రస్తుతం 716వ నంబరు జాతీయ రహదారి. పూర్వకాలంలో మద్రాసు తీరానికి చేరే నావికులు సముద్రం మీది నుండే నగరి కొండల శిఖరాన్ని గుర్తించి దిక్కు తెలుసుకొనేవారు. ఆంగ్లేయులు ఆ శిఖరానికి ‘నగరి నోస్’ అని పేరుపెట్టారు. నావికునికి ఒక్క శిఖరం చాలింది గాని, బస్సు డ్రైవరుకు అంత సులువు లేదు. నగరి, ఏకాంబరకుప్పం, సత్రవాడ ప్రాంతాల మరమగ్గాల కార్మికులు సైకిళ్లపైనా, మోపెడ్లపైనా రాకపోకలు సాగిస్తుంటారు. సరిహద్దు దాటే లారీలు రాత్రింబవళ్లు నడుస్తుంటాయి. ఆడికృత్తికకు తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామి సన్నిధికి కావళ్లు మోసే భక్తులు ఒక దిశగా, పెరటాసి మాసంలో తిరుమలకు కాలినడకన వచ్చే తమిళనాడు భక్తులు మరొక దిశగా రోడ్డు అంచున బారులుతీరి సాగుతారు. తెల్లవారుజామున మసక వెలుతురులో, పసుపు బట్టలు కట్టి, చెప్పులు లేని పాదాలతో వెనుదిరిగి చూడకుండా నడిచే ఆ వరుస పక్కగా బస్సును తీసుకొనిపోవడం ఎంతటి పనియో, ఆ దారిని ఎరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

తిరుమల ఘాట్ రోడ్ల సంగతి మరొకటి. 1944లో ప్రారంభమైన మొదటి ఘాట్ రోడ్డు నేడు దిగుటకు, రెండవది ఎక్కుటకు వినియోగంలో ఉన్నవి. ఈ దారిలో బస్సు నడపడానికి ప్రత్యేక శిక్షణ తప్పనిసరి. దిగేటప్పుడు బ్రేకును అదేపనిగా తొక్కక, తక్కువ గేరులో ఇంజను పట్టుతోనే వేగాన్ని అదుపు చేయడం ఇందులో మొదటి పాఠం. తొక్కినకొద్దీ బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి.

దేశంలో 2022లో 4,61,312 రోడ్డు ప్రమాదాలు సంభవించి, 1,68,491 మంది మరణించినట్లు కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ నివేదిక తెలియజేస్తున్నది. ఆ మరణాలలో పదింట ఏడు అతివేగం ఖాతాలోనివే. జాతీయ రహదారి భద్రతా వారోత్సవాలు 1989 నుండి నిర్వహింపబడుతూ, 2021లో మాసోత్సవాలుగా విస్తరింపబడినవి. 1958 జనవరి 11న ఏర్పడిన ఏపీఎస్ ఆర్టీసీకి కూడా జనవరి ఆవిర్భావ మాసమే కావడం విశేషం. రాష్ట్ర రవాణా సంస్థల జాతీయ సమాఖ్య ‘హీరోస్ ఆన్ ద రోడ్’ పేరిట వివిధ రాష్ట్రాల డ్రైవర్లను ఢిల్లీలో సత్కరిస్తున్నది.

ఇటువంటి సంప్రదాయం విమానయాన రంగంలోనూ కలదు. అమెరికా పౌర విమానయాన నియంత్రణ సంస్థ, 50 సంవత్సరాలు సురక్షితంగా విమానం నడిపిన పైలట్లకు రైట్ సోదరుల పేరిట ‘మాస్టర్ పైలట్’ పురస్కారం ప్రదానం చేస్తుంది. ఆ రంగమే మరొక మంచి ఏర్పాటును కూడా చేసుకొన్నది. 1976 నుండి అక్కడ పైలట్లు తమ పొరపాట్లను, త్రుటిలో తప్పిన ముప్పులను నాసా నిర్వహించే విభాగానికి స్వచ్ఛందంగా తెలియజేయవచ్చును. పేర్లు గోప్యంగా ఉంచబడతాయి. తెలియజేసినవారిని దండించడం గాక, ఆ సమాచారంతో ఇతరులను హెచ్చరించడం దాని ఉద్దేశ్యం.

రోడ్డు రవాణాలో సన్మానం ఉన్నది గాని, ఈ రెండవ ఏర్పాటుకు తగినంత చోటు లభించలేదని ఈ రచయిత అభిప్రాయం. ‘ప్రమాదం లేదు’ అన్న మాటకే బహుమతి దక్కినప్పుడు, చిన్న గీతను, విరిగిన అద్దాన్ని చెప్పకుండా సర్దుకొందామనే ఆలోచన ఎవరికైనా కలుగవచ్చును. అట్లు దాగిన చిన్న సంఘటనలోనే ఏ మలుపు వద్ద చూపు ఆనడం లేదు, ఏ కూడలిలో దీపం వెలగడం లేదు అనే సమాచారం ఉంటుంది. రిటైర్మెంటుకు దగ్గరపడిన సీనియర్ డ్రైవరుకు ఆ మలుపులన్నీ కంఠస్థం. ఆయన సర్వీసుతో పాటు ఆ ఎరుక కూడా డిపో నుండి వెళ్లిపోతుంది.

భారమంతా డ్రైవరు నేర్పుపైనే మోపడమూ సరికాదు. మోటారు రవాణా కార్మికుల చట్టం, 1961 రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పనిని పరిమితిగా నిర్దేశించింది. విధులకు ముందు శ్వాస పరీక్ష, నిర్ణీత వ్యవధిలో నేత్ర పరీక్ష, బస్సు కండిషను, ఇంటివద్ద సరిపడా నిద్ర ఇవన్నీ కలిసివస్తేనే ఆ గడి ఖాళీగా నిలుస్తుంది. సన్మానపత్రంలో గ్యారేజీ మెకానిక్కు పేరు కనిపించకపోవడం ఒక లోటే.

అధికారులు సన్మాన సభకు ముందు ఒక అరగంట కేటాయించి, సత్కారం పొందే డ్రైవర్లు తమ మార్గంలో ప్రమాదకరమని భావించే స్థలాలను చెప్పించి, లిఖితపూర్వకంగా నమోదు చేసి, రహదారులు, పోలీసు, రవాణా శాఖలకు పంపినచో ప్రయోజనకరంగా ఉంటుంది. పాత్రికేయ మిత్రులు కూడా ఎన్నేళ్ల సర్వీసు అనే ప్రశ్నతో ఆగక, ఏ మార్గంలో నడిపారు, ఎక్కడ బస్సు నెమ్మది చేస్తారు, ఎందుకు చేస్తారు అని అడిగి, ఆ స్థలాల పేర్లతో సహా ప్రచురించవలసినదిగా కోరడమైనది.