పలుచని గాలిలో పరుగు

1968 అక్టోబరు 13వ తేదీన మెక్సికో నగరపు ఒలింపిక్ క్రీడారంగమున పదివేల మీటర్ల పరుగులో ఆరవవాడై గీత దాటిన ఆస్ట్రేలియా దేశీయుడు రాన్ క్లార్క్, దాటిన మరుక్షణమే నేలకొరిగి స్పృహ తప్పెను. వైద్యుడు పరుగున వచ్చి అతనికి ప్రాణవాయువు నందింపవలసివచ్చెను. ఆ దూరమునకు ప్రపంచ రికార్డు అప్పటికి అతనిదే: 27 నిమిషముల 39.4 సెకండ్లు. ఆనాడో, గెలిచిన కెన్యావాడు నఫ్తాలీ తెము సైతము 29 నిమిషముల 27.4 సెకండ్లకు గాని గమ్యము చేరలేకపోయెను. తెమూ, అతని వెనుకనే వచ్చిన ఇథియోపియావాడు మామో వోల్డే, ఇరువురును ఎత్తైన నేలలపై పుట్టి పెరిగినవారు. క్లార్క్ సముద్రపుటొడ్డున నున్న మెల్‌బోర్న్ వాడు.

మెక్సికో నగరము సముద్రమట్టమునకు 2,240 మీటర్ల ఎత్తున నున్నది. అంతటి ఎత్తున గాలిలో ప్రాణవాయువు పాలు తగ్గిపోవునని పలువురు తలంతురు గాని, అది నిజము కాదు. మచిలీపట్నపు తీరమునను, ఎవరెస్టు శిఖరమునను గూడ నూటికి ఇంచుమించు 21 పాళ్లు ప్రాణవాయువే. తగ్గునది గాలి యొత్తిడి. తీరమున 760 మిల్లీమీటర్ల పాదరసమును నిలబెట్టు ఒత్తిడి, మెక్సికోలో 580కి దాపుగను, ఎవరెస్టుపై 253 ప్రాంతమునకును దిగిపోవును. ప్రాణవాయువును ఊపిరితిత్తులనుండి రక్తములోనికి నెట్టునది ఆ యొత్తిడియే గనుక, అది సన్నగిల్లినకొలది రక్తమునకు దక్కు పాలును సన్నగిల్లును. తిరుమల మెట్లెక్కుచు రొప్పువారు కొండగాలి పలుచనని సరిపెట్టుకొనుట కద్దు. మూడువేల అడుగులకు అటునిటుగా నుండు ఆ కొండమీద గాలి చేయు లోటు స్వల్పము, ఆయాసమునకు కారణము మన బరువును మనమే మోసికొనిపోవుటయే!

చిత్రమేమనగా, మెక్సికో వంటిచోట కుర్చీలో కూర్చున్నవానికి ఈ కొరత ఇంచుమించు తెలియనే తెలియదు. లేచి పరుగెత్తినవానికే తెలియును. ఊపిరితిత్తులలోని వెండ్రుకకన్న సన్నని రక్తనాళమున ఒక ఎర్రకణము, మనము ఊరకున్నప్పుడు ముప్పాతిక సెకండు కాలము నిలిచి, తాపీగా ప్రాణవాయువును నింపుకొని సాగిపోవును. పరుగులో గుండె రక్తమును తరుముచుండగా ఆ వ్యవధి పాతిక సెకండుకు కుదించుకొనిపోవును. తీరమున ఒత్తిడి బలముగా నుండుటచే ఆ పాతిక సెకండే చాలును, ఎత్తున చాలదు. కణము పూర్తిగా నిండని కడవవలె వెడలిపోవును. అనగా కండరములు ఎక్కువ కోరిన వేళనే రక్తము తక్కువ తెచ్చుచున్నది.

మెడలో నాడి కొట్టుకొను ధమని రెండుగా చీలుచోట గోధుమగింజకన్న చిన్నదగు అవయవమొకటి ఈ లోటును కనిపెట్టి, ఊపిరిని త్వరితము చేయుమని మెదడునకు కబురంపును. గుండెయు వేగిరపడును. కాని ఊపిరి హెచ్చినకొలది బొగ్గుపులుసు వాయువు అతిగా బయటకు పోయి, రక్తమున క్షారగుణము పెరుగును. ఆ క్షారగుణమే తిరిగి ఊపిరికి కళ్లెము వేయును. ఒక చేతితో అదలించి మరియొక చేతితో ఆపు ఈ పెనగులాటవలననే, కొత్తగా కొండకు వచ్చినవాడు నిద్రలో ఒకమారు ఎగయూపిరి తీయుచు, ఒకమారు ఊపిరే నిలిచినట్లుండి ఉలికిపడి లేచుచుండును.

ఆ పలుచని గాలియే కొందరికి వరమైనది. క్లార్క్ పడిపోయిన అయిదవనాడు అదే మైదానమున అమెరికావాడు బాబ్ బీమన్ పొడవుదూకుడు పోటీలో 8.90 మీటర్లు దుమికి, పాత రికార్డును 55 సెంటీమీటర్లు వెనుకకు నెట్టెను. కొన్ని సెకండ్ల పనికి కండరములు తమలో దాచుకొన్న శక్తినే వాడుకొనును, ప్రాణవాయువుకై వేచియుండవు; గాలి యడ్డు మాత్రము కొంత తగ్గును.

లేహ్‌కు విమానమున దిగిన యాత్రికులకు ఈ సంగతులన్నియు తలనొప్పి రూపమున బోధపడును. 3,500 మీటర్ల ఎత్తున మొదటి రెండు దినములు కదలక విశ్రమింపుడని స్థానికులు చెప్పుదురు. మన సైన్యమును తన జవానులకు ఆ నియమమునే విధించినది. దానిని లెక్కచేయక బరువులెత్తినవారిలో కొందరికి ఊపిరితిత్తులలోనికి నీరు ఊరి, దగ్గుతో గులాబిరంగు నురుగు పడును. అప్పుడు మందులకన్న ముందు చేయవలసినది రోగిని క్రిందికి దింపుట. వారములు గడచినకొలది ఎముకల మూలుగలో కొత్త ఎర్రకణములు పుట్టుకవచ్చును గాని, ఎంత అలవాటుపడినను తీరవాసికి తీరమునందలి పరుగు అచట పూర్తిగా తిరిగిరాదు. కణములకన్న ముందుగా మేలుకొనునవి మూత్రపిండములు. హోటలు గదిలో దుప్పటి కప్పుకొని, సెలవుదినములు వ్యర్థమగుచున్నవని విసుగుకొను యాత్రికుని లోపల అవి రేయింబవలు రక్తములోని క్షారమును తోడిపోయుచు, అతని ఊపిరికి పడిన కళ్లెమును కొద్దికొద్దిగా సడలించుచుండును. మూడవనాటి ఉదయమున అతడు శాంతిస్తూపము మెట్లలో పదింటిని ఎక్కి, ఆగి, మరి పదింటిని ఎక్కగలుగును.