పేరే తీర్పు కారాదు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో శాసనవిరుద్ధముగా నివసించువారిని ఏ పేరున పిలువవలెనను వివాదము చిరకాలముగా సాగుచున్నది. ఇది నిఘంటుకారుల కాలక్షేపమని తలచుట పొరపాటు. పేరు స్థిరపడినచో, మనిషియెడల లోకము చూపు మర్యాదయు దానితోడనే స్థిరపడును.

1952వ సంవత్సరపు వలస శాసనము పౌరుడు కాని వానిని ‘ఏలియన్’ అన్నది. అన్యదేశీయుడని దాని యర్థము. దానికి ‘ఇల్లీగల్’ అను విశేషణము చేరి, జనుల నోట జాతినామమువలె నిలిచిపోయినది. ఆ విశేషణమును చర్యకే గాని మనిషికి తగిలింపరాదని 2013లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ తన విలేఖరులకు నియమము చేసినది. 2016లో కాంగ్రెసు గ్రంథాలయము తన విషయసూచికలో ఆ శీర్షికను మార్పనెంచగా శాసనసభ్యులే అభ్యంతరము చెప్పిరి. 2021లో గాని అది మారలేదు. ఆ యేడే బైడెన్ ప్రభుత్వము వలసశాఖలలో ‘ఏలియన్’ను మాన్పించెను, 2025లో ట్రంపు ప్రభుత్వము మరల తెచ్చెను. గద్దె మారినపుడెల్ల పేరును మారుచున్నది.

దొంగను దొంగ యనరాదా యని కొందరి ప్రశ్న. అనవచ్చును, కాని విచారణ ముగిసిన పిమ్మట. రహస్యముగా సరిహద్దు దాటుట ఆ దేశమున నేరము. సక్రమముగా వచ్చి గడువు మీరి నిలుచుట దేశమునుండి పంపివేయదగిన తప్పిదమే గాని, సామాన్యముగా నేరము కాదు. ఈ భేదమును అచ్చటి సుప్రీంకోర్టు 2012లో ఆరిజోనా వ్యాజ్యమున స్పష్టపరచినది. ఇరువురకు నొకే ముద్ర వేయు మాట ఈ భేదమును చెరిపివేయుచున్నది.

అట్లని ‘పత్రములు లేనివారు’ అను మెత్తని పేరును నిర్దుష్టము కాదు. గడువు మీరినవాని చేతిలో పత్రము లుండవచ్చును; వానికి లేనిది అనుమతి. జాలిచే నిజమును కప్పుటయు న్యాయము కాదు.

మన బిడ్డలకును ఈ ముద్ర తగిలినది. 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయము మోసపు సంస్థయని బయటపడగా, వీసాతో వెళ్లి రుసుము చెల్లించిన ఆంధ్ర విద్యార్థులు పలువురు ఒక్కపెట్టున నిలువ నీడ కోల్పోయిరి. కొందరి కాళ్లకు నిఘాయంత్రములు కట్టిరి. ఆ సంస్థ యజమానురాలికి 16 సంవత్సరములకు మించిన కారాగారశిక్ష పడినది 2014లో. అప్పటివరకు ఆ విద్యార్థులను ఏ పేరున పిలువవలసియుండెను?

పొరుగుదేశపు మాటలను తూచు మనము మన మాటలను తూచుకొనవలదా? 2003లో సవరింపబడిన మన పౌరసత్వ శాసనమును, అనుమతి లేక వచ్చినవానిని, గడువు మీరి నిలిచినవానిని ఒకే నామమున చేర్చినది. మన పత్రికలు ‘అక్రమ వలసదారు’, ‘చొరబాటుదారు’ అను మాటలను విచారణకు ముందే ప్రయోగించుచున్నవి. ప్రాణభయమున ఏ దిక్కునకు పోదునని పరుగిడువానికి ‘కాందిశీకుడ’ను పేరిచ్చిన భాష మనది. ఆ పేరు అవస్థను చెప్పును, దోషమును మోపదు.

సరిహద్దులను కాచుకొనుట ప్రతి రాజ్యమునకు హక్కు, శాసనము నడువవలసినదే. కాని ‘అనుమతి లేక వచ్చినవాడు’, ‘గడువు మీరి నిలిచినవాడు’ అని చేసిన పనిని చేసినట్లు చెప్పినచో శాసనమునకు లోటు లేదు, సత్యమునకు హాని లేదు. ఒకటి రెండు మాటలు పెరుగును, అంతియే. తీర్పు న్యాయస్థానమునకు విడుచుట పత్రికల ధర్మము.