వ్యాఖ్యానము: గురువు గురువునకు చెప్పిన పాఠము

వ్యాఖ్యానములు విద్యార్థులకొఱకు వ్రాయబడినవని లోకమున వాడుక. ఇది కొంతవఱకే సత్యము. గురుముఖమున పాఠము వినుచున్న శిష్యునకు వ్యాఖ్యతో నంతగా పనిలేదు. సందేహము కలిగిన వెంటనే యడుగుటకు గురు వెదుటనే యుండును. వ్యాఖ్యతో నవసర మెక్కువగా గలవాడు పాఠము చెప్పువాడు. రేపటి పాఠమున శిష్యు డేమి యడుగునో, దానికేమి బదులు చెప్పవలయునో, ఆ బదులునకు ప్రమాణమేదియో యతడు ముందుగా నెఱిగియుండవలెను. అట్టివానికి, తనకు బూర్వము ఆ గ్రంథమునే బోధించిన వేఱొక గురువు తా నెఱిగినదానిని వ్రాసి యందజేసిన దానమే వ్యాఖ్యానము. ఈ దృష్టితో జూచినచో, ఉపాధ్యాయులు తమ వృత్తిలో నేర్చికొన్నదానిని తోడి యుపాధ్యాయులకు పంచియిచ్చు నాచారము మన దేశమున క్రొత్తది కాదనియు, దానికి నియతమైన రూపము సయితము గలదనియు తేలును.

ఆ రూపమును పూర్వు లైదు లక్షణములుగా నిర్ణయించిరి. పదచ్ఛేదము, పదార్థోక్తి, విగ్రహము, వాక్యయోజన, ఆక్షేపసమాధానము అనునవి యవి. సంధులను విడదీసి పదములను వేఱుచేయుట మొదటిది. ఒక్కొక్క పదమున కర్థము చెప్పుట రెండవది. సమాసములను విప్పి చూపుట మూడవది. పదముల నన్వయించి వాక్యముగా గూర్చుట నాలుగవది. శంకను లేవనెత్తి దానికి సమాధానము చెప్పుట యైదవది. ఇవి వ్రాతలో పుట్టినవి కావు, పాఠశాలలో పుట్టినవి. పద్యమును చేతికిచ్చి పాఠము చెప్పబూనిన యే పండితుడైనను నేటికిని ఇంచుమించుగా నీ క్రమముననే నడచును. మొదటి నాలుగును గ్రంథమును బట్టి వచ్చునవి; శ్రద్ధ గలవాడు నిఘంటువును, వ్యాకరణమును దగ్గఱ నుంచుకొని వానిని తనంతట సాధింపగలడు. అయిదవది యట్టిది కాదు. శంక యెచట పుట్టునో పాఠము చెప్పినవానికేగాని తెలియదు. పలువురు శిష్యులు పలుమాఱు లొక్కచోటనే తడబడగా చూచినవాడే ఆ స్థలమును గుర్తింపగలడు. కావున వ్యాఖ్యానమున ఆక్షేపసమాధానభాగమే గురువుయొక్క స్వానుభవమునకు స్థానము.

మెదకుసీమయందలి కొలిచెలమ గ్రామమును వంశనామముగా గల మల్లినాథసూరి వ్యాఖ్యలను పరిశీలించినచో నీ విషయము స్పష్టపడును. ఆయన కాళిదాసకావ్యములకు సంజీవనిని, కిరాతార్జునీయమునకు ఘంటాపథమును, శిశుపాలవధమునకు సర్వంకషను, నైషధమునకు జీవాతువును రచించెను. అన్వయమార్గముననే సమస్తమును వివరింతుననియు, మూలములేని దానిని వ్రాయననియు, అనవసరమైన దానిని చెప్పననియు నాయన యొక నియమము చేసికొనెను. ఈ నియమము శిష్యునికంటె గురువున కెక్కువ యుపకరించునది. ఒక పదమునకు కోశప్రమాణమును, ఒక రూపమునకు పాణినిసూత్రమును వెంటనే చూపుటలో నాయన యుద్దేశమేమి? కథ తెలిసికొనగోరు బాలునకు సూత్రముతో నిమిత్తము లేదు. ఆ బాలునకు బదులు చెప్పవలసినవాడు, తోటి పండితులయెదుట తన యర్థమును నిలుపుకొనవలసినవాడు, ఆ ప్రమాణమును కోరును. దుర్వ్యాఖ్యలచేత కాళిదాసుని వాక్కు మూర్ఛిల్లినదనియు, దానిని బ్రదికించుటకే తన సంజీవని పుట్టినదనియు నాయన భావించెను. ఒకచోట తప్పుగా చెప్పబడిన పాఠము పదిచోట్ల తప్పుగా నడచుననియు, దానిని సవరింపవలసిన భారము గురువులదే యనియు దీని తాత్పర్యము.

తెనుగు ప్రబంధముల విషయమున ఈ యాచారము చాలకాలము వాగ్రూపముననే నడచినది. ఒక కుటుంబమునందో, ఒక గ్రామమునందో ప్రబంధపాఠము తండ్రినుండి కొడుకునకు, గురువునుండి శిష్యునకు నోటిమాటగా వచ్చెడిది. శిష్యుడు లేకున్న నది యచటనే ముగిసెడిది. 1820 లో కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను పండితులను గుమిగూర్చి, జీతములిచ్చి, తాళపత్రప్రతులను సరిపోల్చి శుద్ధప్రతులను, వ్యాఖ్యలను సిద్ధపఱపించెను. ఆ పండితులలో జూలూరి అప్పయ్య ముఖ్యుడు. ఆయన వ్యాఖ్యతో మనుచరిత్రము 1851 లో అచ్చయ్యెను. బ్రౌను పరదేశి యగుటచేత మనవారు తెలిసినదేయని దాటిపోవుచోట నాగి ప్రశ్నింపవలసినవాడయ్యెను. ఆ ప్రశ్నలకు జెప్పవలసివచ్చిన బదుళ్లు కాగితముమీదికెక్కి, కడపను చూడని యుపాధ్యాయులకు సయితము దక్కెను. తెలియనివా డడిగిన ప్రశ్న తెలిసినవారి విద్యకు నిలుకడ నిచ్చుటకు నిదియొక నిదర్శనము.

వ్యాకరణమున ఈ పరస్పరదాన మింకను స్పష్టముగా గానవచ్చును. పరవస్తు చిన్నయసూరి పాఠశాలోపాధ్యాయుడు. బాలుర చదువునకై 1853 లో నీతిచంద్రికను, 1858 లో బాలవ్యాకరణమును ప్రకటించెను. సంజ్ఞతో మొదలై ప్రకీర్ణకముతో ముగియు పది పరిచ్ఛేదముల యీ గ్రంథము సూత్రరూపమున నుండుటచేత, పేరు బాలవ్యాకరణమయ్యును బోధించువానికే పరీక్ష పెట్టునదయ్యెను. ఇందులకొక యుదాహరణము చాలును. ఏమి మొదలగు పదముల తుది యిత్తునకు సంధి వైకల్పికమని సూరి విధించెను. అత్తునకు సంధి బహుళమని విధించెను. ఏమి, అంటివి అనునపుడు ఏమంటివి, ఏమియంటివి అని రెండు రూపములు. మేన, అల్లుడు అనునపుడు మేనల్లుడు, మేనయల్లుడు అని యిచటను రెండే రూపములు. ఫల మొక్కటియే యైనపుడు మాటలు రెండేల? చురుకైన శిష్యు డెవడైనను అడుగు ప్రశ్న యిది.

ఈ ప్రశ్నను ముందుగా నెఱుగని గురువు, రెండు నొకటియేయని చెప్పి దాటిపోవును. శిష్యునకు నాటినుండి సూత్రమునం దాదరము తగ్గును. ఎఱిగినవాడు మఱికొన్ని రూపముల నెదుట బెట్టును. సీత, అమ్మ అనునవి కలసి సీతమ్మ యగును. ఇచట సంధి తప్పదు. అమ్మ, ఇచ్చెను అనునవి కలసి అమ్మయిచ్చెను అనియే యగును. ఇచట సంధి రానేరాదు. మేనల్లుని విషయమున సంధి వచ్చుటయు మానుటయు గలదు. ఒక, ఒక అనునవి కలసినపుడు ఒకొక, ఒకయొక అను రూపములేగాక ఒకానొక యనునదియు నేర్పడును. ఇచట సంధికాక వేఱొక కార్యమే కలిగినది. తప్పక వచ్చుట, రాకుండుట, వికల్పముగా వచ్చుట, వేఱొకటి యగుట అను నాలుగు తెఱంగులును బహుళమను నొక్కమాటలో నిమిడియున్నవి. వైకల్పికమున కా వైశాల్యము లేదు. ఈ సమాధానమును కనుగొనుటకు గురువున కెంతకాలము పట్టునో చెప్పలేము. వ్రాసియుంచినచో రెండవ గురువునకు క్షణకాలము పట్టును. వ్యాఖ్యానప్రయోజన మంతయు నిందే కలదు.

ఈ కారణముచేతనే బాలవ్యాకరణము చుట్టును గురువుల గ్రంథపరంపర యొకటి పెరిగినది. బహుజనపల్లి సీతారామాచార్యులు సూరి విడిచిన లక్ష్యములను జేర్చి 1885 లో ప్రౌఢవ్యాకరణమును వెలయించెను. దానికి త్రిలింగలక్షణశేషమని నామాంతరము. శేషమనుమాటలో వినయమును కలదు, కర్తవ్యబుద్ధియు గలదు: మొదటి గురువు ముగింపనిదానిని రెండవ గురువు ముగించుచున్నాడు. కల్లూరి వేంకటరామశాస్త్రి తన వ్యాఖ్యకు గుప్తార్థప్రకాశిక యని పేరిడెను. సూత్రమున దాగియున్న యర్థమును వెలికి దీయుట తన పనియని యాయన తలంపు. దువ్వూరి వేంకటరమణశాస్త్రి రమణీయమను వ్యాఖ్యయందు వ్యాకరణపాఠము చెప్పిన యనుభవమును తరువాతివారికి నిలిపిపోయెను. వేదము వేంకటరాయశాస్త్రి తెనుగు కావ్యములకు వ్యాఖ్యలు రచించుచు ఆముక్తమాల్యదవ్యాఖ్యకు సంజీవనియనియు, శృంగారనైషధవ్యాఖ్యకు సర్వంకషయనియు పేళ్లుంచి, తాను మల్లినాథుని త్రోవ ననుసరించుచున్నట్లు వెల్లడించెను.

పంచియిచ్చుట యనగా నంగీకరించుట యని మాత్రము భావింపరాదు. పర్లాకిమిడిలో నుపాధ్యాయుడుగా నుండిన గిడుగు రామమూర్తి పంతులు, సూరి సూత్రములకు లొంగని మహాకవిప్రయోగములను ప్రోవుచేసి బాలకవిశరణ్యమున చూపెను. 1925 లో తణుకున జరిగిన ఆంధ్రసాహిత్యపరిషత్సభలో తన వాదమును వ్యతిరేకించువారి యెదుటనే యుపపత్తులతో వినిపించెను. ఆయన సిద్ధాంతము నంగీకరింపని పండితులు సయితము ఆ ప్రయోగములకు సమాధానము వెదుకక తప్పినది కాదు. పూర్వుల వ్యాఖ్యలలో ఆక్షేపమునకు గల స్థానమే యీ వాదమునకును గలదు. ఆక్షేపము లేనిచోట సమాధానము పుట్టదు. సమాధానము పుట్టనిచోట విద్య పెరుగదు.

అచ్చుయంత్రము వచ్చి, పరీక్షలు హెచ్చిన తరువాత వ్యాఖ్యకు మాఱుగా పరీక్షార్థుల గైడు బయలుదేఱినది. చూచుటకు రెండును ఒక్కరీతిగానే యుండును. రెంటను ప్రతిపదార్థమును, తాత్పర్యమును కలవు. కాని గైడులో పూర్వోక్తలక్షణములలో నైదవది లేదు. పరీక్షలో నడుగబడు ప్రశ్నయే యందుండును గాని పాఠమున బుట్టు శంక యుండదు. ప్రమాణము చూపబడదు, చూపుమని యడుగువాడును లేడు. దీనివలన శిష్యునకు గలుగు నష్టముకంటె గురువునకు గలుగు నష్ట మధికము. గైడును నమ్మినవాడు ముప్పదియేండ్లు పాఠము చెప్పినను, మొదటియేట చెప్పినదానినే ముప్పదిమాఱులు చెప్పినవాడగును. శంకలను గుర్తించుచు వచ్చినవాడు ఏటేట క్రొత్తది యొకటి నేర్చికొనును. అట్లు నేర్చికొన్నదానిని వ్రాయకున్న నది యతనితోనే పోవును.

తనకు దెలిసిన మర్మమును ఇతరులకు జెప్పినచో తన గౌరవము తగ్గునను భయము పూర్వకాలమున కొందఱి యందుండెడిది. నేడును లేకపోలేదు. చరిత్రము దీనికి విరుద్ధముగా సాక్ష్యమిచ్చుచున్నది. దాచుకొన్నవారి పేళ్లు వారి శిష్యులతో నంతరించినవి. పంచియిచ్చిన మల్లినాథుని పేరు కాళిదాసు చదువబడు ప్రతిచోటను వినబడుచున్నది.

పాఠశాలాపండితులకు గొప్పవ్యాఖ్యలు రచించు తీరిక యుండకపోవచ్చును. అంత యవసరమును లేదు. పాఠమున శిష్యు డడిగిన ప్రశ్నను, ఆనాడు చెప్పిన బదులును, తరువాత దొరికిన ప్రమాణమును, ఆ బదులు తప్పైనచో దాని దిద్దుబాటును ఒక చిన్న పుస్తకమున వ్రాసికొనుట యసాధ్యము కాదు. ఒక మండలమునందలి పండితులు కొందఱు ఏటికి రెండుమూడుమాఱులు కూడి ఆ పుస్తకములను పరస్పరము చదివి వినిపించుకొన్నచో, ఒకని శంకకు వేఱొకని యొద్ద సమాధానము దొరకును. ఎవని యొద్దను దొరకనిది యందఱకును పరిశోధనవిషయమగును. వ్యాఖ్యానములు పుట్టిన విధానమే యిది. బహుళ మననేమని యడిగిన బాలునకు సరియైన బదులు చెప్పగలిగిన గురువు తన పాఠశాలకు మేలు చేసినవాడు. దానిని తోటిగురువున కందజేసినవాడు తాను చూడని పాఠశాలలకును మేలు చేసినవాడగును.