వార్తల్లో పదం: కార్డియోటాక్సిసిటీ

మందుల వల్ల గుండె కండరం దెబ్బతినడమే కార్డియోటాక్సిసిటీ. రొమ్ము క్యాన్సర్, రక్త క్యాన్సర్లకు వాడే డాక్సోరూబిసిన్‌తో ఈ ముప్పు ఉంది. సెలైన్ గొట్టంలో ఎర్రగా దిగే ఈ మందు క్యాన్సర్ కణాలను చంపుతూనే, గుండె కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలనూ గాయపరుస్తుంది.

రోజుకు లక్ష సార్లు కొట్టుకునే గుండెకు ఇంధనం ఏటీపీ. దీన్ని ఎక్కువగా కొవ్వు ఆమ్లాల నుంచి మైటోకాండ్రియాలే తయారుచేస్తాయి. అవసరానికి ఆదుకునే నిల్వ ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ఆ నిల్వను, 1929లో ఏటీపీని లోకానికి చూపిన శాస్త్రవేత్తల్లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. మందు వల్ల మైటోకాండ్రియాలు దెబ్బతిని ఏటీపీ ఉత్పత్తి, ఫాస్ఫోక్రియాటిన్ నిల్వ తగ్గితే గుండె రక్తాన్ని సరిగా పంపు చేయలేదు. అదే హార్ట్ ఫెయిల్యూర్. ఒక్కోసారి చికిత్స ముగిసిన ఏళ్ల తర్వాతా బయటపడుతుంది. అందుకే ఈ మందు మొత్తం డోసుకు వైద్యులు జీవితకాల పరిమితి పాటిస్తారు.

మార్కాపురం, గిద్దలూరుల్లో రైలెక్కి కీమోథెరపీకి దూరం వెళ్లేవారు ఒక్కటి గుర్తుంచుకోవాలి: చికిత్సకు ముందు, తర్వాత గుండె పనితీరు తెలిపేందుకు డాక్టర్ చెప్పిన టూడీ ఎకో పరీక్షలు మానొద్దు. ఆయాసం, కాళ్ల వాపు కనిపిస్తే వెంటనే చెప్పండి. మందు మాత్రం సొంతంగా ఆపొద్దు.