అద్దె ఇంటికి సర్కారు గ్రాంటు: సొమ్ము ఎవరికి, గది ఎవరికి?

దళితుల ఇంటి సమస్య అనగానే మనకు ఇళ్ల స్థలం, పట్టా, పక్కా ఇల్లు గుర్తుకొస్తాయి. పోరాటాలు వాటి చుట్టే జరిగాయి, ప్రభుత్వాలు హామీలిచ్చిందీ వాటికే. అది న్యాయమే. వెలివాడలో పుట్టినవాళ్లకి సెంటు నేల మీద హక్కు చిన్న సంగతి కాదు. కానీ ఊరు వదిలి పట్నం చేరినవాళ్ల అవసరం వేరు. పాలమూరు నుంచి హైదరాబాదొచ్చిన అడ్డా కూలీకి, కోచింగు కోసం వచ్చిన డిగ్రీ పిల్లకి, ఆస్పత్రిలో ఆయా పనికి కుదిరిన తల్లికి ముందు కావలసింది పట్టా కాదు, ఒకటో తారీఖుకల్లా ఒక గది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో పట్టణ కుటుంబాల్లో నూటికి 27కి పైగా అద్దె ఇళ్లలోనే ఉన్నాయి. అవే లెక్కల్లో పట్టణాల్లో ఖాళీగా పడి ఉన్న ఇళ్లు కోటీ పది లక్షలు. అంటే ఇళ్లు లేక కాదన్నమాట.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు అద్దె కట్టలేని వలస కూలీలు వందల మైళ్లు నడిచారు. ఆ తర్వాతగానీ కేంద్రానికి అద్దె ఇల్లు గుర్తుకు రాలేదు. ఆ జూలైలో ప్రధానమంత్రి పట్టణ ఆవాస్ యోజన కింద అద్దె ఇళ్ల సముదాయాల పథకాన్ని మంత్రివర్గం ఆమోదించింది. ఇందులో రెండు దారులున్నాయి. ప్రభుత్వ సొమ్ముతో కట్టి ఖాళీగా ఉన్న ఇళ్లను 25 ఏళ్లపాటు అద్దెకు నడిపేందుకు ఇవ్వడం ఒకటి. ప్రైవేటు కంపెనీలో, ప్రభుత్వ సంస్థలో తమ సొంత స్థలంలో కొత్తగా కట్టడం రెండోది. మొదటి దారిలో 83 వేలకు పైగా ఖాళీ ఇళ్లు చూపించి, మారుస్తున్నామన్నారు. పార్లమెంటుకిచ్చిన జవాబుల ప్రకారం మారినవి 5,648. మిగతావి ఎందుకు మారలేదనేది ఒక పరిశోధనకు సరిపడే ప్రశ్న.

రెండో దారిలోనే గ్రాంటుంది. రెండు పడకగదుల ఇంటికి లక్ష రూపాయలు, ఒక పడకగది ఇంటికి 60 వేలు, డార్మిటరీలో ఒక్కో పడకకి 20 వేలు. దీని పేరు టెక్నాలజీ ఇన్నొవేషన్ గ్రాంటు. పేరులోనే అసలు సంగతుంది. కొత్తరకం నిర్మాణ పద్ధతి వాడితే డబ్బిస్తారు. గోడ ఎట్లా లేచిందన్నది షరతు, ఆ గోడల మధ్య ఎవరు పడుకున్నారన్నది షరతు కాదు. పైగా ఆదాయపు పన్నులో, జిఎస్‌టిలో మినహాయింపులు. మార్గదర్శకాల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, వితంతు మహిళలు, వికలాంగులకి ప్రాధాన్యమివ్వాలని రాసి ఉంది, కాదనలేం. కానీ గ్రాంటు లెక్క గదుల్లో, పడకల్లో నడుస్తుంది, ఉండేవాళ్ల లెక్కలో కాదు.

ఇంకో మాట కూడా ఆ మార్గదర్శకాల్లో ఉంది. కట్టిన సంస్థ, పనిలో పెట్టుకున్న సంస్థలతో ఒప్పందం చేసుకుని, అద్దెను కూలీ జీతంలోంచే కోయించుకోవచ్చు. తమిళనాడులో శ్రీపెరుంబుదూరు దగ్గర వల్లం వడగాల్‌లో 2024 ఆగస్టులో మహిళా కార్మికుల కోసం 18,720 పడకల వసతిగృహం తెరిచారు. రోజూ దూరాభారం పోయే ఆడపిల్లలకు అది మేలే. అయితే ఫ్యాక్టరీ పనికి ముడేసిన పడక పని పోయిన రోజున పోతుంది. అక్కడికి అమ్మానాన్నల్ని తెచ్చుకునే వీలు లేదు, పెళ్లయితే సంసారం పెట్టే వీలు లేదు. పాలేరుకి దొర గొడ్లసావిడిలో చోటిచ్చిన పద్ధతి దీనికి మరీ దూరమేం కాదనిపిస్తుంది నాకు.

ఇక కులం. టులెట్ బోర్డు చూసి తలుపు తడితే మొదటి ప్రశ్న జీతమెంత అని కాదు, "మీరేమిట్లు?" అని. సుఖదేవ్ థోరట్ బృందం ఢిల్లీ పరిసరాల్లో చేసిన అధ్యయనం 2015లో అచ్చయింది. అగ్రకులాల పేర్లతో అడిగినవాళ్లకి దాదాపు అందరికీ ఇల్లు దొరికింది. దళితులకు తక్కువ, ముస్లింలకు మరీ తక్కువ. చట్టం లేదా అంటే ఉంది. 1955 పౌరహక్కుల రక్షణ చట్టం నాలుగో సెక్షను, అంటరానితనం పేరుతో ఎవరినైనా ఏ ప్రాంతంలోనైనా ఇంట్లో ఉండకుండా అడ్డుకోవడం నేరమంటుంది. కానీ "మా బంధువులొస్తున్నారు" అన్న యజమాని మీద ఏం రుజువు చూపిస్తాం? 2021 నమూనా అద్దె చట్టమేమో కులవివక్ష ఊసే ఎత్తలేదు.

అందుకే గ్రాంటు ముఖ్యం. సొంత డబ్బుతో కట్టుకున్నవాడిని అడగలేనిది, ప్రజల డబ్బు తీసుకున్నవాడిని అడగొచ్చు. 2024లో మొదలైన రెండో విడత ఆవాస్ యోజనలో చదరపు మీటరుకి కేంద్రం 3,000, రాష్ట్రం 2,000 రూపాయలిస్తాయి. ఆ 2,000 ఏ పద్దు నుంచి వస్తుందో మన జిల్లాల్లో కనుక్కోవాలి. 2013 ఉపప్రణాళిక చట్టం, తెలంగాణలో 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం కింద చూపిస్తే, ఆ గదుల్లో దళితులెందరున్నారో అడిగే హక్కు మనకుంది. ఖాళీ గదుల జాబితా మున్సిపాలిటీ ఆఫీసులో గోడకి అంటించాలి. అడిగినవాళ్ల వరుస నంబరు రాయాలి, కాదంటే కారణం కాగితం మీద ఇవ్వాలి. అట్లా చేయనివాళ్ల నుంచి గ్రాంటు వెనక్కి తీసుకోవాలన్న షరతు ఒప్పందంలోనే ఉండాలి, ఇల్లు కట్టాక కాదు.